మేర నుంచి బిల్లు దాకా
(శబ్దం ఎవరిది? – 6వ భాగం)

గత భాగం చదివాక చాలామంది విద్యార్థులు దాదాపు ఒకే ప్రశ్న పంపారు. "మేడమ్, డప్పు చరిత్ర సరే. ఇవాళ శబ్దం మీద బతుకుతున్న మా సంగతేంటి?" అడిగినవాళ్లలో నలుగురు సౌండ్ డిజైన్ చేస్తున్నారు. షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు, వెబ్ సిరీస్‌లు, ఒకటీ అరా యాడ్‌లు. ఎవరికీ నెల జీతం లేదు. పని దొరికిన నెల ఉన్నట్టు, దొరకని నెల లేనట్టు. పని అయిపోయాక డబ్బుల కోసం తిరగడం మాత్రం అన్ని నెలలూ ఉంటుంది. వాళ్లు ఇవి రెండు వేరు వేరు సంగతులు అనుకుంటున్నారు. నాకైతే ఒకటే సంగతి. అందుకే ఈ వారం రాద్దామనుకున్న చిందు కళాకారుల భాగాన్ని వెనక్కి జరిపి ఇది రాస్తున్నా.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి మాటల దగ్గర మొదలుపెడతాను. చేసిన పనికి ఇచ్చేదాన్ని మన భాష ఒక్క పేరుతో పిలవదు. మంత్రం చదివినవాడికి ఇస్తే దక్షిణ. పద్యం చెప్పినవాడికి ఇస్తే సత్కారం, పాతకాలంలో అయితే అగ్రహారం. సన్నాయి ఊదినవారికి సంభావన. కచేరీ చేసినవారికి పారితోషికం. సినిమా హీరోకు రెమ్యునరేషన్. పొలంలో వంగినవాళ్లకు కూలి. మరి డప్పు కొట్టినవాడికి? మేర, మామూలు, ఇనాం, ఖుషీ. ఈ నాలుగు మాటల్లో ఒక్కదానికీ ముందే మాట్లాడుకున్న ధర అనే అర్థం లేదు. ఇచ్చేవాడి చేతిలో ఎంత ఉంటే అంత, వాడి మనసుకు ఎంత తోస్తే అంత. కూలి అనే మాటలో కనీసం బేరం ఉంది. ఇనాంలో బేరం లేదు, దండం ఉంది.

ఇంకో మాట చూడండి. తనను తాను పొగుడుకునేవాణ్ని 'సొంత డప్పు కొట్టుకుంటున్నాడు' అంటాం. వందల ఏళ్లు డప్పు కొట్టిన మనుషులు సొంతం కోసం కొట్టింది ఎప్పుడు? చాటింపు వేస్తే దొర మాట, పటేలు మాట, కరణం మాట. జాతరలో ఊరి దేవతకు. చావులో ఊరి పెద్దకు. చెయ్యి వాళ్లది, మాట ఇంకొకరిది. ఆ సామెత పుట్టించినవాడెవడో గానీ డప్పు పట్టినవాడు మాత్రం కాదు.

విజయనగర కాలపు గ్రామ వ్యవస్థ గురించి పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు పన్నెండుమంది ఆయగాండ్రు తెలిసే ఉంటారు. ఊరికి సేవ చేసే పన్నెండు వృత్తులవాళ్లు, వాళ్లకు పంటలో వాటా. పుస్తకంలో చదివితే ఎంతో పొందికగా కనిపిస్తుంది, ఒకరికొకరు ఆసరాగా బతికిన ఊరు అనిపిస్తుంది. కానీ కరణమూ ఆ పన్నెండుమందిలోనే ఉన్నాడు, వెట్టివాడూ ఆ పన్నెండుమందిలోనే ఉన్నాడు. ఒకడిది మాన్యం భూమి, రాత, లెక్క. ఇంకొకడిది కళ్లం ఊడ్చాక మిగిలిన గింజలు, చచ్చిన గొడ్డు తోలు, పెళ్లింట్లో చివరి పంక్తి అన్నం. ఇద్దరిదీ 'వాటా'నే అని రాసిన చరిత్రకారుడికి నేనేం చెప్పను! వెట్టి అనే మాటకు మూలమైన 'విష్టి' సంస్కృత గ్రంథాల్లో, శాసనాల్లో ఉంది. ధర లేని పని అని దాని అర్థం. ఆ మాట తెలుగులో ఒక పని పేరుగా, ఒక మనిషి పేరుగా, చివరికి మద్రాసు రాష్ట్రపు ఊళ్లలో ఒక సర్కారు కొలువు పేరుగా కూడా నిలబడింది.

మేరలో ఉన్న అసలు కిటుకు ఏమిటంటే, అది పనికి ఇచ్చేది కాదు, పుట్టుకకు ఇచ్చేది. మాదిగ ఇంట్లో పుట్టావు కాబట్టి అర్ధరాత్రి చావు కబురొస్తే లేచి డప్పు కాచుకోవాలి. ఎన్ని గంటలు కొట్టావు, ఎన్ని మైళ్లు నడిచావు అనే లెక్క లేదు. లెక్క లేదంటే ఆపే హక్కు కూడా లేదన్నమాట. ఎక్కువ కొట్టానని ఎక్కువ అడగలేవు, ఇవ్వలేదని మానలేవు.

ఈ కిటుకును అంబేద్కర్ బాగా పట్టుకున్నారు. 1928 మార్చిలో ఆయన బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ల మీద ఒక బిల్లు పెట్టారు. 1874 నాటి వంశపారంపర్య కొలువుల చట్టాన్ని సవరించాలని. ఊరికి, సర్కారుకు మహర్లు రాత్రీపగలూ పడి ఉండాలి. పిలిచినప్పుడు మగవాడు ఇంట్లో లేకపోతే ఇంకొకరు వెళ్లాలి. బదులుగా కాస్త వతన్ భూమి, రైతుల దగ్గర అడుక్కోవాల్సిన బలుతా గింజలు. ఆ బలుతాను నగదుగా మార్చి భూమి శిస్తుతో పాటు వసూలు చేయాలనీ, వద్దనుకున్నవాడు ఆ కొలువు నుంచి బయటపడే దారి ఉండాలనీ ఆయన అడిగారు. గింజలు పెంచమని అడగలేదు, గమనించండి. గింజల్ని డబ్బుగా మార్చమన్నారు. ఎందుకంటే గింజల కోసం గడప ముందు నిలబడాలి, డబ్బుకు లెక్క ఉంటుంది. ఆ బిల్లు అప్పట్లో చట్టం కాలేదు. ఆ వతన్ల రద్దుకు 1958 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటికి అంబేద్కర్ లేరు. మరాఠ్వాడా, తెలంగాణ రెండూ నిజాం ఏలుబడిలోనే ఉండేవి కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు. పేర్లు మారాయి గానీ గడప ముందు నిలబడటం ఒక్కటే.

మన దగ్గరి తేదీలు తొందరగా చెప్పేస్తాను, పరీక్షలు రాసేవాళ్లకు ఎలాగూ తెలుసు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976. వంశపారంపర్యంగా వచ్చే కరణాలు, మునసబుల కొలువులు పోయింది 1984 జనవరిలో. ఆ తర్వాత పదేళ్లకు, 1994 జులై 7న, ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. దండోరా అంటేనే చాటింపు. ఊరి మాటను మోసిన డప్పు మొదటిసారి తన మాట చాటింది. మూడు దశాబ్దాల తర్వాత, 2024 ఆగస్టు 1న, సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచేదాకా ఆ డప్పు ఆగలేదు. వర్గీకరణ మీద ఈ గోడ మీద చాలా చర్చ జరిగింది, మళ్లీ తవ్వను. నాకు ఇక్కడ కావాల్సింది ఒక్కటే. రాజకీయంగా డప్పు సొంతమైంది. మరి ఆర్థికంగా?

దీనిపై మన పేటల్లో రెండు వాదాలు ఉన్నాయి. డప్పు పట్టుకున్నంత కాలం ఊరు మనల్ని కిందనే చూస్తుంది, వదిలెయ్యాలి అనేవాళ్లు ఒక వైపు. ఎన్నో ఊళ్లలో యువకులు చావు డప్పు కొట్టమని తెగేసి చెప్పారు, అందుకు దెబ్బలు కూడా తిన్నారు. డప్పు మన కళ, దాన్ని ఎత్తిపట్టాలి అనేవాళ్లు రెండో వైపు. నాకు రెండు వైపులా దోస్తులున్నారు, ఇద్దరితో తిట్లు తిన్నాను కూడా. నా లెక్క వేరే. కొట్టను అనగలిగినవాడు కొడితే అది కళ. అనలేనివాడు కొడితే అది వెట్టి. వాయిద్యం ఒకటే, తోలు ఒకటే, దరువు ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు సర్కారు పింఛను ఇస్తోంది, 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. మంచిదే. ముసలితనంలో మందు బిళ్లలకైనా అక్కరకొస్తుంది. కానీ అది పింఛను. దెబ్బకు ధర కాదు.

ఇక యంత్రం సంగతి. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టాప్యాడ్‌ను తెచ్చింది. తర్వాతి ఏళ్లలో అది మన పెళ్లి బ్యాండుల దాకా వచ్చేసింది. కర్రతో రబ్బరు పలక మీద కొడితే తబలా, డోలు, డప్పు ఏది కావాలంటే అది మోగుతుంది. నలుగురు ఆరుగురు డప్పులతో చేసే పనిని ఒక్కడు నిలబడి చేసేస్తాడు. ఆ పలకలో మోగుతున్న డప్పు ఎక్కడిది? ఎవరో ఒక మనిషి, ఎప్పుడో ఒకరోజు, ఒక మైకు ముందు కొట్టిందే. ఆ మనిషికి ఆ రోజు ఏమిచ్చి పంపారో, బహుశా ఒక పూట భోజనం, ఆటో చార్జీలు. అతని పేరు మాత్రం ఆ పలక మీద లేదు. తెలంగాణలో మా చిన్నప్పుడు బరాత్‌లలో డప్పుల జట్టు ఎదురుగా ప్యాడ్ బండి వచ్చి నిలబడితే జట్టులో పెద్దవాళ్ల ముఖాలు ఎలా మారేవో నాకు గుర్తుంది. తోలు పగిలితే మార్చుకోవచ్చు, పలకతో పోటీ పడేదెట్లా.

ఇప్పుడు నా విద్యార్థుల దగ్గరకు వస్తాను. సౌండ్ డిజైనర్ ఏం చేస్తాడో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. తెరమీద కనిపించే ప్రతిదానికీ చప్పుడు కూర్చేది అతను. షూటింగ్‌లో పట్టిన మాటలను శుభ్రం చేస్తాడు. అడుగుల చప్పుడు, గాజుల గలగల, చీర కుచ్చిళ్ల రాపిడి స్టూడియోలో మళ్లీ చేయిస్తాడు, దాన్ని ఫోలీ అంటారు. ఊరి గాలి, రాత్రి కీచురాళ్లు, దూరంగా రైలు, ఇవన్నీ ఎక్కడెక్కడో రికార్డు చేసి పేర్చుతాడు. చివరికి మిక్సింగ్‌కు ఇస్తాడు. బాగా చేస్తే ఎవరూ గమనించరు. ఈ పనిలో మెప్పు అంటే అదే మరి, పైసలు అడిగేటప్పుడు అదే అడ్డం. "అందులో నువ్వు చేసిందేముంది, షూటింగ్‌లో వచ్చిన సౌండే కదా" అంటారు.

2022లో జాతీయ అవార్డుల దగ్గర ఒక చిత్రం జరిగింది. షూటింగ్ జరిగిన చోటే పట్టిన శబ్దానికి ఇచ్చే అవార్డు కన్నడ సినిమా 'డొళ్ళు'కు ఇచ్చారు. అది డోలు కొట్టే కళాకారుల మీద తీసిన సినిమా. ఆ సినిమాలో శబ్దం షూటింగ్‌లో పట్టింది కాదు, తర్వాత స్టూడియోలో చేసింది అని ఆ సినిమా సౌండ్ డిజైనరే బయటికొచ్చి చెప్పారు. ఆస్కార్ తీసుకున్న రసూల్ పూకుట్టి కూడా అదే ఎత్తిచూపారు. వాయిద్యకారుల మీద తీసిన సినిమాలో శబ్దం ఎక్కడ పుట్టిందో అవార్డు ఇచ్చేవాళ్లకే తెలియకపోతే, ఎవరి చేతిలో పుట్టిందో ఎవరికి పడుతుంది?

సినిమా రంగంలో యూనియన్లు ఉన్నాయి, రోజుకింత అనే రేటు ఉంది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం పెంపు కోరుతూ పనులు ఆపేశారు. ఫ్రీలాన్స్ పిల్లలు ఆ గొడుగు కింద లేరు. వాళ్లది ప్యాకేజీ. అంటే మొత్తం శబ్దం పనికి ఇంత అని ఒక ముద్ద డబ్బు. స్టూడియో అద్దె, ఫోలీ, మిక్సింగ్ అన్నీ అందులోంచే. మిగిలింది వాడికి. మిగలకపోతే వాడి ఖర్మ.

ఒక లెక్క చెబుతాను, నిజమైన లెక్క. మా కాలేజీలో బి.ఎ. చదివిన కుర్రాడు, సూర్యాపేట వైపు ఊరు. కృష్ణానగర్‌లో ముగ్గురితో కలిసి గది. ఒక వెబ్ సిరీస్‌కు 60,000 ప్యాకేజీ మాట్లాడుకున్నాడు. కథలో జాతర ఉంది, డప్పులు కావాలి. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ డప్పు వద్దనుకున్నాడు. వాళ్ల చిన్న తాత జట్టునే పెట్టి చేస్తానన్నాడు. ఏసీ స్టూడియోలో డప్పు తోలు సల్లబడి బుస్సుమంటుంది, మంట పెట్టి కాచుకునే వీలుండదు. అందుకని ఊరికే వెళ్లాడు. చెరువు కట్ట కింద, పొద్దున్నే, గాలి లేవకముందు. ఒక మైకు జానెడు దూరంలో, ఒకటి ఇరవై అడుగుల దూరంలో. డప్పు మొదటి దెబ్బ పిడుగులా వస్తుంది, లెవెల్ కాస్త ఎక్కువ పెట్టినా చీలిపోతుంది. రెండు పొద్దులు పట్టింది. జట్టు నలుగురికి తలా 2,500, మొత్తం 10,000. మిక్సింగ్ స్టూడియోకు 18,000. ఫోలీకి 10,000. మిగిలింది 22,000. మొత్తం 60,000 మీద పది శాతం టీడీఎస్ కోశారు, అంటే ఇంకో 6,000. చేతికి 16,000. పని చేసింది 40 రోజులు. రోజుకు 400. వాళ్ల ఊళ్లో అంతకన్నా ఎక్కువ కూలి పత్తి ఏరితే వస్తుంది అన్నాడు నవ్వుతూ. (ఆ టీడీఎస్ పోయిన డబ్బు కాదు. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. మన పిల్లల్లో సగం మంది వేయరు. దయచేసి వేయండి.)

అయితే వాడు ఒక పని చేశాడు. రికార్డింగ్‌కు ముందే తెలుగులో ఒక పేజీ కాగితం రాశాడు. నలుగురి పేర్లు, తేదీ, ఇచ్చే డబ్బు. ఈ శబ్దం ఈ సిరీస్‌కు మాత్రమే, ఇంకెక్కడైనా వాడితే మళ్లీ అడగాలి, మళ్లీ ఇవ్వాలి. టైటిల్స్‌లో నలుగురి పేర్లు వేయాలి. నిర్మాణ సంస్థ మేనేజర్ ఆ కాగితం చూసి అన్న మాట ఇది: "మీవాళ్లే కదా తమ్ముడూ, ఊళ్లో మందు పోయిస్తే అయిపోయేదానికి కాగితాలెందుకు?"

మిత్రులారా, మేర అంటే ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఇక నుంచి ఆయగాండ్ర పాఠం చెప్పను. ఈ ఒక్క వాక్యం చెబుతాను. మేనేజర్ కులం గురించి ఒక్క మాట కూడా అనలేదు, అనే అవసరం కూడా రాలేదు. 'మీవాళ్లే' అన్న మాటలో అంతా వచ్చేసింది. మీవాళ్లు కాబట్టి ధర లేదు. మందు పోయిస్తే చాలు.

మేనేజర్ విసుక్కుంటూనే సంతకం పెట్టాడు. ఆ సంతకం విలువ చట్టంలో చూడాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు కర్త నిర్మాత. పట్టినవాడు కాదు, కొట్టినవాడు కాదు. 2012 సవరణతో పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ వదులుకోలేని హక్కుగా వచ్చింది. సౌండ్ డిజైనర్‌కు అలాంటిదేమీ రాలేదు. ప్రదర్శకులకు మాత్రం వేరే హక్కు ఉంది, 50 ఏళ్లు. ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే జాబితాలో గాయకుడు, వాద్యకారుడు, గారడీవాడు, పాములు ఆడించేవాడు కూడా ఉన్నారు. ఉపన్యాసం చెప్పే నాబోటి వాళ్లూ ఉన్నారు! కాబట్టి డప్పు కొట్టే చిన్న తాత చట్టం కళ్లలో వాద్యకారుడే. కానీ అదే నిర్వచనం కింద ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఏదో అలా వచ్చిపోయే ప్రదర్శన అయితే, ఆ రంగపు వాడుక ప్రకారం టైటిల్స్‌లో పేరు వేయని రకమైతే, అతన్ని ప్రదర్శకుడిగా లెక్కించనక్కర్లేదు. తన ప్రదర్శనను వక్రీకరించి పరువుకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. డప్పు వాళ్ల పేర్లు వేసే వాడుక ఎప్పుడుంది గనక? వేయలేదు కాబట్టి వాడుక లేదు, వాడుక లేదు కాబట్టి హక్కు లేదు. ఈ గుండ్రాన్ని తెంచగలిగేది పేర్లున్న కాగితం ఒక్కటే.

సిరీస్ వచ్చింది. టైటిల్స్‌లో కుర్రాడి పేరు ఒక అక్షరం తప్పుతో వచ్చింది. జట్టు పేర్లు రాలేదు. అడ్వాన్సు ఇచ్చిన 15,000 తప్ప మిగతాది ఏడు నెలలు ఇవ్వలేదు. స్టూడియో బాకీ కోసం వీడు చిట్టీ ఎత్తాడు. ఫోన్ చేస్తే "రిలీజ్ బాగానే అయ్యింది, నీకు మంచి పేరొచ్చింది కదా" అన్నారట. పేరు కూడా తప్పే రాశారు మరి!

అదృష్టం ఏమిటంటే వాడు పనికి ముందే ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకున్నాడు. ఇది ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. ఒంటరిగా పనిచేసే సౌండ్ డిజైనర్ కూడా సూక్ష్మ సంస్థే. 2006 చట్టం ప్రకారం అలాంటివాళ్ల బిల్లు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇవ్వకపోతే జిల్లా కోర్టుల చుట్టూ తిరగకుండా ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదంతా ఉత్తరంలో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. పది రోజుల్లో 30,000 వచ్చింది, టీడీఎస్ కోతతో. మిగతా దాని మీద కౌన్సిల్‌లో దరఖాస్తు నడుస్తోంది. ఆ సంస్థ నుంచి మళ్లీ పని రాలేదు. ఇంకో ఇద్దరు కూడా "నువ్వు కేసులేస్తావట కదా" అని పక్కకు తప్పుకున్నారు. దీన్ని దాచి మీకు ధైర్యం నూరిపోయడం నాకిష్టం లేదు. అడిగినవాడికి ఊళ్లో పని ఆపేయడం చావు డప్పు మానేసినవాళ్లు కూడా చూశారు. ఊరు పెద్దదైంది, అంతే.

కథ అక్కడితో అయిపోయేదే. మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లిన కుర్రాడికి చిన్న తాత ఫోన్‌లో ఒక ప్రోమో చూపించాడు. అదే సంస్థ, వేరే షో. వెనక డప్పులు. "ఇది మా దెబ్బనేరా" అన్నాడట. వీడు నమ్మలేదు, ఏ డప్పయినా ఒక్క తీరే ఉంటుంది కదా అనుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో పాత రికార్డింగ్ తీసి పక్కపక్కన పెట్టి విన్నాడు. మూడో ఆవర్తంలో చెరువు కట్ట మీద తీతువు ఒకటి అరిచింది, ఆ రోజు ఎంత ప్రయత్నించినా అది చెరిగిపోలేదు. ప్రోమోలో కూడా అదే చోట తీతువు.

పోయిన ఆదివారం నలుగురూ కూర్చుని రెండో వాడకానికి బిల్లు రాసుకున్నారు. ఈసారి కుర్రాడి పేరు మీద కాదు, కొట్టినవాళ్ల నలుగురి పేర్ల మీద, ఎందుకంటే ప్రదర్శకుల హక్కు వాళ్లది. తలా ఎంత రాయాలని కుర్రాడు అడిగితే చిన్న తాత కొంచెంసేపు ఆలోచించి "ఐదు వేలు రాయి" అన్నాడట.

"ఎక్కువైతదేమో తాతా, మొదలు ఇచ్చిందే రెండున్నర గదా?"

"మందు పైసలు గూడ కలిపిన" అన్నాడు పెద్దాయన.

సోమవారం పోస్టు చేశారు. రసీదు ఫోటో నాకు పంపాడు.

(వచ్చే ఆదివారం చిందు కళాకారుల భాగం. సౌండ్ పనిచేస్తున్న పిల్లలు ఎవరికైనా ఆ ఒక పేజీ కాగితం నమూనా కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపుతాను.)

జై భీమ్.